ఈ-రీడర్ కొనేముందు ఫైలు సంగతి తేల్చుకోండి

రాజోలు నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మా నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. డెబ్భై ఆరేళ్లు. చూపు మందగించి అచ్చు పుస్తకం చదవలేకపోతున్నారు. ఈ-రీడర్ కొనిద్దామనుకుంటున్నాం, ఏ కంపెనీది మంచిది? ఫోన్లో ఒక యాప్‌లో ఇప్పటికే ముప్పై దాకా పుస్తకాలు కొన్నాం, అవి ఇందులోకి వస్తాయా? ఆయన రాసిన కథల్ని కూడా ఈ-బుక్ చేయించాలి. ఏ ఫార్మాట్‌లో చేయించాలి?"

మూడింటికీ జవాబు ముందే చెప్పేస్తానండి. రీడర్ ఏ కంపెనీదైనా సరే, ఈపబ్ అనే రకం ఈ-బుక్ ఫైలును నేరుగా తెరవాలి, తెలుగు ఒత్తులు సరిగ్గా చూపించాలి. కథల్ని యూనికోడ్ తెలుగులో (అంటే ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని మెషీన్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతిలో), తాళం లేని ఈపబ్‌గా చేయించండి. యాప్‌లో కొన్న పుస్తకాలు మాత్రం చాలావరకు రావు. ఈ మూడోది బాధ కలిగిస్తుందని తెలుసు, అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నేను అమలాపురంలో డీటీపీ చేస్తూ ముప్పై ఏళ్లు దాటింది. పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేసి, ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి, ప్లేట్లకి పంపిన రోజులనుంచీ ఇదే పని. ఓ పన్నెండేళ్లుగా అచ్చుతోపాటు ఈపబ్ కూడా చేసిస్తున్నాను. కథలు, శతకాలు, ఊరి చరిత్రలు, ఒక నాటువైద్యుడిగారి నోటుపుస్తకం కూడా చేశాను. చదివేవాళ్ల ఇబ్బందీ, పుస్తకం వేసేవాళ్ల భయమూ రెండూ దగ్గరనుంచి చూస్తున్నవాణ్ణి.

యాప్‌లో కొన్నవి

మీరు "కొనండి" అన్న మీట నొక్కారు. కానీ మీకు దక్కింది పుస్తకం కాదు, చదువుకునే అనుమతి. ఆ ఫైలులోని అక్షరాలను ఎవరూ చదవలేనట్టు మార్చేసి, వాటిని విప్పే తాళంచెవి కంపెనీ తన దగ్గర పెట్టుకుంటుంది. మీ ఖాతాతో ఆ యాప్ తెరిస్తేనే తాళంచెవి వస్తుంది, పుస్తకం తెరుచుకుంటుంది. వేరే రీడర్‌కి ఇవ్వరు. దీన్ని డీఆర్‌ఎం అంటారు, నేను తాళం అనే అంటాను. మన కాలవల మీది లాకులతో దీన్ని పోల్చకండి. అవి పడవను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించడానికి కట్టినవి. ఇది దాటనివ్వకుండా ఉండడానికి పెట్టింది.

నా అనుభవం చెప్తాను. 2014, 15 ప్రాంతంలో ఒక దుకాణంలో ఇరవై ఆరు తెలుగు పుస్తకాలు కొన్నాను. ఫోన్ మార్చాను. కొత్త ఆండ్రాయిడ్‌లో ఆ యాప్ ఎక్కలేదు. మెయిల్ పెట్టాను, మళ్లీ పెట్టాను, జవాబు లేదు. పాత ఫోన్లో తెరుచుకునేవి కాబట్టి దాన్ని బీరువాలో దాచుకుని అప్పుడప్పుడూ ఛార్జింగ్ పెట్టేవాణ్ణి. కొన్నాళ్లకి బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది. డబ్బు కట్టి కొన్న ఇరవై ఆరు పుస్తకాలు ఇప్పుడు ఆ ఫోన్లోనే ఉండిపోయాయి. అదే సమయంలో ఒక చిన్న ప్రచురణకర్త దగ్గర కొన్న నాలుగు ఈపబ్‌లు నాలుగు ఫోన్లు మారినా నాతోనే వస్తున్నాయి.

చిన్న దుకాణం కాబట్టి అలా జరిగిందనుకోకండి. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈ-బుక్ దుకాణం ఎత్తేసింది. కొన్నవాళ్లకి డబ్బు తిరిగిచ్చింది, పుస్తకంలో నోట్సు రాసుకున్నవాళ్లకి అదనంగా 25 డాలర్లు కూడా ఇచ్చింది. కానీ ఆ జులై నుంచి పుస్తకాలు తెరుచుకోలేదు. 2009 జులైలో అమెజాన్, జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు కొన్నింటిని హక్కులేనివాళ్లు అమ్మకానికి పెట్టారని తెలిసి, అప్పటికే కొనుక్కున్నవాళ్ల కిండిల్స్‌లోంచి (అమెజాన్ అమ్మే రీడర్ పేరు కిండిల్) కూడా దూరంనుంచే తుడిచేసింది. తర్వాత క్షమాపణ చెప్పింది. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దింపుకుని యూఎస్‌బీ తీగతో కిండిల్‌లోకి ఎక్కించుకునే సదుపాయం తీసేసింది. ఇలాంటివి చూసే కావచ్చు, అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం "మీకు అమ్ముతున్నది లైసెన్సు" అన్న మాట కొనేముందే కొనుగోలుదారుకి స్పష్టంగా చెప్పాలని చట్టం చేసింది. 2025 జనవరి నుంచి అది అమల్లో ఉంది.

ఇప్పుడు మీరేం చెయ్యాలి? తాళం తీసే దారి మాత్రం నన్నడగొద్దు. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. సవ్యమైన దారులు రెండున్నాయి. ఆ దుకాణం వెబ్‌సైటులోకి వెళ్లి, ప్రతి పుస్తకం పక్కనా డౌన్‌లోడ్ గానీ ఎక్స్‌పోర్ట్ గానీ ఉందేమో చూడండి. ఉదాహరణకి గూగుల్ ప్లే బుక్స్‌లో ప్రచురణకర్త తాళం వద్దనుకున్న పుస్తకం అయితే ఈపబ్ నేరుగా దిగుతుంది. తాళం ఉన్నదైతే ఒక చిన్న ఫైలు వస్తుంది, దాన్ని అడోబీ డిజిటల్ ఎడిషన్స్‌లాంటి చదివే సాఫ్ట్‌వేర్లలో తెరవాలి. రెండోది, బిల్లు జతచేసి ప్రచురణకర్తకే ఉత్తరం రాయండి. తెలుగులో పుస్తకాలు వేసేవాళ్లు చాలామంది మనలాంటివాళ్లే. "నాన్నగారికి చూపు తగ్గింది, మీ పుస్తకం కొన్నాం, పెద్దక్షరాల్లో చదివించాలి" అని రాస్తే మనసున్నవాళ్లు పంపుతారు. నాకు ఇద్దరు పంపారు.

ఈపబ్ అంటే అంత పట్టెందుకు

ఒక ఈపబ్ ఫైలు తీసుకుని పేరు చివర ఈపబ్ బదులు జిప్ అని మార్చి తెరిచి చూడండి. లోపల అధ్యాయానికొక వెబ్ పేజీ, బొమ్మలు, అంచులూ అక్షరాల సైజూ రాసిపెట్టిన స్టైల్ ఫైలు, ఏ అధ్యాయం తర్వాత ఏది రావాలో చెప్పే జాబితా. అంతే. రేపు రీడర్లన్నీ పోయినా మామూలు బ్రౌజర్లో ఆ పేజీలు తెరిచి కథ చదువుకోవచ్చు. రహస్యమేమీ లేదు కాబట్టి దాన్ని చదివే యాప్ ఎవరైనా రాయొచ్చు. అందుకే అన్ని యాప్‌లు ఉన్నాయి.

ఇది 2007లో ఐడీపీఎఫ్ అనే సంస్థ ఆధ్వర్యంలో ప్రమాణంగా వచ్చింది, 2011లో మూడో రూపం వచ్చింది. 2017లో ఆ సంస్థ వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ త్రీ సీలో కలిసిపోయింది. ఇది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. మోబీ అనే ఇంకో ఈ-బుక్ ఫార్మాట్ కథ వేరు. దాన్ని తెచ్చిన, ఫ్రాన్సులో పుట్టిన మోబీపాకెట్ కంపెనీని 2005లో అమెజాన్ కొనుక్కుంది, కిండిల్ ఫార్మాట్ దాంట్లోంచే వచ్చింది. ఆ తర్వాత అదే కంపెనీ ఫార్మాట్లు మార్చుకుంటూ పోయి, 2022లో మన ఫైళ్లను కిండిల్‌కి పంపుకునే "సెండ్ టు కిండిల్" సేవలో ఈపబ్ తీసుకోవడం మొదలుపెట్టి మోబీని పక్కన పెట్టింది. అందుకే ఎవరు ఏ రూపంలో చేసిమ్మన్నా, నేను మూలం ఈపబ్‌గానే దాచుకుంటాను. ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి మార్చడానికి కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 2006లో కోవిద్ గోయల్ మొదలుపెట్టారు. తాళం లేని ఫైలైతే అందులో నిమిషం పని.

"పీడీఎఫ్ ఉందిగా" అని చాలామంది అంటారు. పీడీఎఫ్ అచ్చుకి మంచిది, నేనూ ప్రెస్సుకి అదే పంపుతాను. కానీ అది కాగితం కొలతకి బిగించేసిన పేజీ. డెమీ సైజు పుస్తకం వెడల్పు అయిదున్నర అంగుళాలు. ఆరంగుళాల రీడర్ తెర వెడల్పు మూడున్నర అంగుళాలకి కాస్త ఎక్కువ, అంతే. అంటే 12 పాయింట్ల అక్షరం 8 పాయింట్లకి కుంచించుకుపోతుంది. ఇంగ్లీషు అక్షరమైతే ఎలాగో చదువుతాం. మన ఒత్తు అక్షరంలో సగం ఉంటుంది, అది నలకై కూర్చుంటుంది. పెద్దది చేస్తే లైను తెర దాటిపోతుంది, ప్రతి లైనుకీ అటూ ఇటూ జరుపుకోవాలి. డెబ్భై ఆరేళ్ల మాస్టారిచేత ఆ పని చేయించకండి. ఈపబ్‌లో అక్షరం పెంచితే లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి.

అసలు పరీక్ష తెలుగుదే

రీడర్ గురించి వచ్చే రివ్యూలన్నీ బ్యాటరీ గురించి, వెలుతురు గురించి. మనకి కావలసింది వాటిల్లో ఉండదు. "లక్ష్మి" అన్న మాట చూడండి. ఫైలులో అది ఇలా ఉంటుంది: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, చివర గుడి. మొత్తం ఏడు సంకేతాలు. వాటిని కూడగట్టి, క-ష కలిపి క్ష చేసి, కింద మ-ఒత్తు దించి, పైన గుడి పెట్టవలసింది రీడర్లోని సాఫ్ట్‌వేర్. అది చేతకాని మెషీన్లో క పక్కన పొల్లు, ష పక్కన పొల్లు, ఆ పక్కన విడిగా "మి" కనిపిస్తాయి. పేజీ అంతా అలాగే ఉంటే ఎవరు చదవగలరు?

ముక్తేశ్వరం వైపు ఒక పెద్దాయనకి కొడుకు విదేశం నుంచి ఖరీదైన రీడర్ తెచ్చాడు. నేను చేసిన పుస్తకమే అందులో వేశారు. ఆయన రెండు పేజీలు చూసి, ప్రూఫులు దిద్దకుండా ఇచ్చారని నొచ్చుకుని కబురుపెట్టారు. వెళ్లి చూస్తే ఒత్తులన్నీ విడిపోయి ఉన్నాయి. అదే ఫైలు నా ఫోన్లో తెరిచి పక్కన పెట్టాను, శుభ్రంగా ఉంది. ఈపబ్‌లో తెలుగు ఫాంటు పొదిగి మళ్లీ ఎక్కించాం. అయినా అంతే. ఇక్కడ చాలామంది పొరపడతారు: ఫాంటు పొదిగితే అక్షరాల బదులు కనిపించే డబ్బాలు పోయి అక్షరాలు వస్తాయి గానీ, ఒత్తులు కలపడం ఫాంటు ఒక్కదానివల్ల అయ్యేది కాదు. చివరికి ఆ రీడర్లో కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, నోటో తెలుగు ఫాంటు వేస్తే కుదిరింది. బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోనిచ్చే మెషీన్ కాబట్టి బతికిపోయాం.

అందుకని డబ్బు కట్టేముందు ఈ మాటలు ఒక ఈపబ్‌లో పెట్టి, దుకాణంలోనో తెలిసినవాళ్ల దగ్గరో ఆ మోడల్లో తెరిచి చూడండి: లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, వాఙ్మయం, సాఫ్ట్‌వేర్. చివరి మాట ఎందుకంటే, అందులో ట్ తర్వాత కళ్లకి కనపడని ఒక సంకేతం ఉంటుంది, ట-వ కలిసిపోకుండా ఆపడానికి. కొన్ని రీడర్లు దాని బదులు చిన్న డబ్బా గీస్తాయి. ఇవన్నీ సరిగ్గా వస్తే ఆ రీడర్‌కి తెలుగు వచ్చినట్టే.

దుకాణాల సంగతీ చూసుకోవాలి. 2016 డిసెంబరులో కిండిల్ దుకాణం అయిదు భారతీయ భాషలకి చోటిచ్చింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. రచయితలు సొంతంగా పుస్తకం పెట్టుకునే భాషల జాబితాలో నేను చివరిసారి చూసినప్పుడూ కనపడలేదు. ఇన్ని కోట్లమంది మాట్లాడే భాషకి ఇది నాకు కష్టంగానే ఉంటుంది. కాబట్టి నాన్నగారి కథల్ని ఏ ఒక్క దుకాణం ఫార్మాట్‌కో కట్టేయడం తెలివైన పని కాదు.

ఆయన కథలు

చేతిరాత ప్రతులైతే టైపు చేయించండి, ఒక్క షరతు మీద: యూనికోడ్‌లోనే చెయ్యాలి. మా తరం డీటీపీ వాళ్లం ఏళ్ల తరబడి వాడిన ఫాంట్లు వేరు. వాటిల్లో లోపల ఉండేవి ఇంగ్లీషు సంకేతాలు, పైన తెలుగు బొమ్మ గీస్తాయి. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. వెతకడానికి ఉండదు, ఫోన్ చదివి వినిపించదు. 1999లో అచ్చయిన ఒక పద్యాల పుస్తకాన్ని పాత సీడీలోంచి తీసి యూనికోడ్‌లోకి మార్చాను. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ అరసున్నలు, ఋకారాలు, క్రావడులు, కొటేషన్ గుర్తులు తారుమారవుతాయి. రెండుసార్లు ఆసాంతం ప్రూఫు చూడవలసి వచ్చింది. ఇప్పటికీ కొన్ని చోట్ల "మాకు అలవాటు" అని ఆ ఫాంట్లలోనే చేసిస్తారు. ఒప్పుకోకండి.

పని పూర్తయ్యాక మీ చేతికి రావలసినవి: టైపు చేసిన మూలం, తాళంలేని ఈపబ్, అచ్చుకి పీడీఎఫ్, ముఖచిత్రం విడిగా. ఫాంటు స్వేచ్ఛగా పంచుకోవచ్చని అనుమతి ఉన్నదే పొదగమనండి. నోటో, మండలి, రామభద్ర, గిడుగు అలాంటివే. ఫైలును ఈపబ్‌చెక్‌తో పరీక్షించారా అని అడగండి, ఉచితంగా దొరికే పనిముట్టే. రెండువందల పేజీల కథల సంపుటి, ఫాంటుతో కలిపి, నా అనుభవంలో ఒక ఎంబీ దాటదు. అదే స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే యాభై ఎంబీ ఉంటుంది, అక్షరం పెరగదు కూడా.

తాళం పెట్టాలా అని ఆయన అడగొచ్చు. రచయితలందరూ అడుగుతారు, ఆ భయం సహజం. నేను చూసినంతలో దొంగ ప్రతులు తయారయ్యేది అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసే. వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌లన్నీ అవే. ఈ-బుక్‌కి పెట్టిన తాళం అక్కడ ఎవర్నీ ఆపదు, డబ్బు కట్టి కొన్న మనిషిని మాత్రం ఆపుతుంది. సైన్స్ ఫిక్షన్ ప్రచురించే టోర్ సంస్థ 2012లో తన ఈ-బుక్స్ అన్నిటికీ తాళం తీసేసింది. ఏడాది తర్వాత, దొంగ ప్రతులు పెరిగినట్టు తమకి కనపడలేదని వాళ్లే చెప్పారు. మనసు ఒప్పకపోతే కొన్నవాళ్ల పేరు మొదటి పేజీలో వేసి ఇవ్వండి. నేను కొందరికి అలా చేసిచ్చాను. పేరు ఉన్న ప్రతిని ఊరంతా పంచడానికి మనిషి వెనకాడతాడు, అదే సమయంలో తనకిష్టమైన మెషీన్లో చదువుకోగలడు.

తాళం గురించి ఇంత పట్టుగా మాట్లాడడానికి నాకు ఇంకో కారణం ఉంది. మాది లంక గ్రామం. 1986 ఆగస్టు వరదకి మా ఇంట్లో మంచం కింద రేకు పెట్టెలో పుస్తకాలు ఉన్నాయి. నీళ్లు తీశాక నాన్న వాటిని కొబ్బరి మట్టల మీద ఎండబెట్టారు. నున్నటి కాగితం పుస్తకాలు ఇటుకల్లా అతుక్కుపోయాయి, విప్పబోతే పొరలు చిరిగాయి. మామూలు కాగితం పుస్తకాలు వంకరలు తిరిగినా బతికాయి. పోయిన పుస్తకాల్లో కొన్ని తర్వాత రాజమండ్రిలో మళ్లీ దొరికాయి. ఇక ఎప్పటికీ దొరకనిది ఒక్కటే, మా తాతగారు సిరాతో రాసుకున్న నోటుపుస్తకం. సిరా అంతా నీలంగా కరిగిపోయి ఒక్క అక్షరం మిగల్లేదు. ఇంకో ప్రతి ఎక్కడా లేదు.

కాబట్టి నాన్నగారి చేతిరాత ప్రతుల్ని ఈ వారమే ఫోన్‌తోనైనా ఫొటోలు తీయండి, టైపింగు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ఈపబ్ అయ్యాక ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మెయిల్లోనో క్లౌడ్‌లోనో పెట్టండి. ఆయన శిష్యులకి పంచండి.

ఇక కొనవలసింది

వెంటనే రీడర్ కొనకండి. ఇంట్లో ట్యాబ్ ఉంటే, లేకపోతే ఎవరిదైనా నెలరోజులు అడిగి, ఈపబ్ చదివే యాప్ ఒకటి వేసి ఇవ్వండి. అక్షరం ఎంత పెద్దది కావాలో, నల్లటి తెర మీద తెల్లక్షరాలు హాయిగా ఉన్నాయో లేదో ఆయనకే తెలుస్తుంది. కంటి డాక్టరుకి చూపించి ఉంటారనుకుంటున్నాను. శుక్లాలైతే ఆపరేషన్ తర్వాత అవసరమే మారిపోతుంది. ఫోన్‌చేత చదివించుకుని వినడం కూడా అలవాటు చెయ్యండి. యూనికోడ్ తెలుగును ఆండ్రాయిడ్ చదివి వినిపిస్తుంది, ఉచ్చారణ అక్కడక్కడా తడబడినా కథ అర్థమవుతుంది.

చూపు బాగా తగ్గి, డాక్టరు ధ్రువపత్రం ఇచ్చే స్థాయిలో ఉంటే ఇంకో దారి ఉంది. అచ్చు చదవలేనివాళ్లకి అనువైన రూపంలో పుస్తకాలు అందించాలన్న మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం అలాంటివాళ్ల కోసమే. సభ్యత్వం సంగతి కనుక్కోండి.

కాగితంలా కనిపించే ఈ-ఇంక్ తెరే కావాలని తేలితే, కళ్లకి అది హాయి, వారాలపాటు ఛార్జింగ్ ఆగుతుంది. ఆండ్రాయిడ్ ఉన్న ఈ-ఇంక్ రీడర్ అయితే నచ్చిన యాప్ వేసుకోవచ్చు, తెలుగుకి నా మొగ్గు దానివైపే. ఈపబ్ నేరుగా తెరిచే కోబో, పాకెట్‌బుక్ కంపెనీల రీడర్లు ఆ తర్వాత. కిండిల్ చెడ్డ మెషీనేం కాదు, ఇంగ్లీషు ఎక్కువ చదివేవాళ్లకి నేనే చెప్తుంటాను. మీ నాన్నగారు చదివేది తెలుగు కాబట్టి చివర్లో పెట్టాను. ఏదైనా సరే, ఏడెనిమిది అంగుళాల తెరకి తగ్గొద్దు.

చదవడానికి పుస్తకాలకి కొదవ లేదు. మన దగ్గర రచయిత చనిపోయిన అరవై ఏళ్లకి కాపీరైటు తీరిపోతుంది. వీరేశలింగంగారు, చిలకమర్తివారు ఎప్పుడో ఆ గీత దాటారు. 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి రచనలు 2022 నుంచి అందరివీ అయ్యాయి. తెలుగు వికీసోర్స్‌లో ఇలాంటి పాత పుస్తకాలు చాలా ఉన్నాయి, ఈపబ్‌గా దింపుకోవచ్చు. తెలుగు మాస్టారు కదా, మొదట చిలకమర్తివారితో మొదలుపెట్టమనండి.

కథల ప్రతులు ఏ రూపంలో ఉన్నాయో మీరు రాయలేదు. చేతిరాతా, పత్రికల కటింగులా, పాత డీటీపీ సీడీయా? ఎన్ని పేజీలో కూడా చెప్పండి. సీడీ అయితే ఏ ఫాంటో చూడకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. ఒక పేజీ ఫొటో ఇక్కడ పెడితే చూసి చెప్తాను.